టాంజానియా బడిలో ఏడాది: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

టాంజానియా సెకండరీ బడుల్లో లెక్కలు, సైన్సు చెప్పడానికి వాలంటీర్లుగా వెళ్తున్నవాళ్ళు, వెళ్ళాలనుకుంటున్నవాళ్ళు, పిల్లల్ని పంపుతున్న తల్లిదండ్రులు రాసిన ఉత్తరాల్లో కొన్నింటికి ఈసారి జవాబులు ఇస్తున్నాం. సెలవుల గురించి, సఫారీల గురించి చాలామంది అడిగారు. అవీ చెప్తాం. అయితే మొదటి టర్ములో పలకరింపు, టైము, పొయ్యి, నీళ్ళు కుదిరినవాళ్ళే ఏడాదంతా నిలబడతారు. అందుకే వాటికి ఎక్కువ చోటు ఇచ్చాం.

ప్రశ్న: జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యాను. ఇరింగా దగ్గర ఒక సెకండరీ స్కూలుకు వెళ్తున్నాను. అక్కడ సెకండరీ అంతా ఇంగ్లీషు మీడియమే అంటున్నారు. స్వాహిలీ రాకపోయినా నడుస్తుందా?
— ఒక మాస్టారు, నంద్యాల

జవాబు: మాస్టారూ, కాగితం మీద నడుస్తుంది, క్లాసులో నడవదు. అక్కడి ప్రభుత్వ ప్రైమరీ బడి స్వాహిలీలో సాగుతుంది, ఇంగ్లీషు ఒక సబ్జెక్టు మాత్రమే. ఫారం 1లో, అంటే సెకండరీ మొదటి తరగతిలో చేరగానే లెక్కలు, సైన్సు, చరిత్ర అన్నీ ఇంగ్లీషులోకి మారిపోతాయి. మొదట్లో కొన్ని వారాలు ఇంగ్లీషు ఓరియంటేషన్ పెడతారు కానీ అది చాలదు. తెలుగు మీడియంలో పది పాసై ఇంటర్లో ఇంగ్లీషు మీడియంలో కూర్చున్న పిల్లల అవస్థ మీకు తెలిసిందే. అక్కడ అది పద్నాలుగేళ్ళకే మొదలవుతుంది.

కొత్తగా వెళ్ళినవాళ్ళు ఎక్కువగా దెబ్బతినేది ఒక్క చోట. “అర్థమైందా?” అని అడగ్గానే క్లాసంతా ఒక్క గొంతుతో “ఎస్ సర్” అంటుంది. అది మర్యాద, జవాబు కాదు. పెద్దవాళ్ళ ముఖం మీద “అర్థం కాలేదు” అనడం అక్కడి పిల్లలకు అలవాటు లేదు. కాబట్టి ఆ ప్రశ్న మానేయండి. బోర్డు మీద చిన్న లెక్క ఒకటి వేసి, అందరినీ రఫ్ కాగితం మీద జవాబు పెద్ద అంకెల్లో రాసి పైకెత్తమనండి. డెబ్బై, ఎనభై మంది ఉన్న క్లాసులో కూడా అర నిమిషంలో ఎంతమందికి వచ్చిందో కంటికి కనబడుతుంది.

రోజూ పాఠానికి ముందు బోర్డు ఎడమ మూలలో ఐదు మాటలు రాయండి, ఇంగ్లీషూ స్వాహిలీ పక్కపక్కన. కూడికకు జుమ్లిషా, తీసివేతకు టోవా, గుణకారానికి జిడిషా, భాగహారానికి గవాన్యా. పిల్లలు ఆరేసి మంది గుంపుగా కూర్చుని స్వాహిలీలో చర్చించుకోనివ్వండి, రాసేది మాత్రం ఇంగ్లీషులో ఉండాలి. పరీక్ష పేపరు ఇంగ్లీషులోనే వస్తుంది కాబట్టి ఆ చివరి మెట్టు వదలడానికి లేదు.

ఇంకో సంగతి. ఫారం 4 లెక్కల పరీక్షకు కాలిక్యులేటర్ తీసుకెళ్ళనివ్వరు, గణిత పట్టికలు ఇస్తారు. లాగరిథమ్ పట్టికలు చూడటం చేతికి వచ్చిన మీ తరం మాస్టార్లకు ఇది పెద్ద బలం. 2023లో విద్యావిధానాన్ని సవరించాక సిలబస్‌లు దశలవారీగా మారుతున్నాయి. మీకు ఇచ్చే ఫారానికి ఏ సిలబస్ నడుస్తోందో వెళ్ళకముందే హెడ్‌మాస్టర్‌ని అడగండి. టాంజానియా విద్యా సంస్థ ఆన్‌లైన్ లైబ్రరీలో పాఠ్యపుస్తకాలు దొరుకుతాయి. బయల్దేరేముందే ఫోన్లోకి దించుకోండి.

ఇక పలకరింపు. స్టాఫ్‌రూములో అడుగుపెట్టగానే పని మాట ఎత్తకూడదు. మీకంటే పెద్దవాళ్ళకు “షికామో” అనాలి, వాళ్ళు “మరహబా” అంటారు. పిల్లలు మీకు షికామో చెబితే మీరు మరహబా అనాలి. ఊరికే తలూపి వెళ్ళిపోతే పొగరు అనుకుంటారు. తర్వాత ఇంటి క్షేమం, పని క్షేమం, పొద్దుటి క్షేమం వరసగా అడుగుతారు. అన్నింటికీ “న్జూరి”, అంటే బాగుంది అనే జవాబు. కష్టం ఏదైనా ఉంటే న్జూరి అన్నాకే చెప్పుకోవాలి. ఈ రెండు నిమిషాలు మిగిలిస్తే మిగిలేది ఏమీ లేదు.

ప్రశ్న: ఆన్‌లైన్లో టూరిస్ట్ వీసా సులువుగా వస్తోంది. దాని మీద వెళ్ళి రెండు నెలలు పాఠాలు చెప్పి రావచ్చా?
— ఒక డిగ్రీ విద్యార్థి, హైదరాబాద్

జవాబు: వద్దు. జీతం లేకపోయినా బడిలో పాఠం చెప్పడం అక్కడి చట్టం దృష్టిలో పనే. వాలంటీర్లకు క్లాస్ సి రెసిడెన్స్ పర్మిట్ ఉంటుంది. తక్కువ కాలానికైతే వేరే పాస్ ఉంది. మీకు ఏది వర్తిస్తుందో మిమ్మల్ని పిలిచిన సంస్థే ఇమ్మిగ్రేషన్ శాఖలో కనుక్కుని దరఖాస్తు పెట్టాలి. “ముందు టూరిస్టుగా వచ్చేయండి, తర్వాత చూసుకుందాం” అనే సంస్థకు దూరంగా ఉండండి. పట్టుబడితే జరిమానా, దేశం నుంచి పంపివేత పడేది మీ మీద, సంస్థ మీద కాదు.

విమానం నైరోబీ మీదుగానో అడిస్ అబాబా మీదుగానో అయితే పసుపు జ్వరం టీకా సర్టిఫికెట్ సంగతి టికెట్ కొనకముందే చూసుకోండి. టీకా వేసుకున్న పది రోజుల తర్వాతే సర్టిఫికెట్ చెల్లుతుంది, ఆ తర్వాత జీవితాంతం చెల్లుతుంది. తిరుగు ప్రయాణంలో ఆ దేశాల మీదుగా వస్తే ఇండియా కూడా అడుగుతుంది. లేకపోతే ఆరు రోజుల వరకు క్వారంటైన్‌లో ఉంచవచ్చు. హైదరాబాద్‌లో నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో వేస్తారు. ఇంకొకటి, 2019 జూన్ 1 నుంచి టాంజానియాలో ప్లాస్టిక్ క్యారీ బ్యాగులు నిషేధం. సామాను గుడ్డ సంచుల్లో సర్దుకోండి.

ప్రశ్న: హెడ్‌మాస్టర్ “సా మోజా”కు రమ్మన్నారని మా తమ్ముడు ఒంటిగంటకు వెళ్తే అప్పటికే బడి సగం అయిపోయిందట. ఈ లెక్క ఏమిటి?
— ఒక పాఠకురాలు, కరీంనగర్

జవాబు: స్వాహిలీ గడియారం సూర్యోదయం నుంచి మొదలవుతుంది. భూమధ్యరేఖకు దగ్గర కాబట్టి అక్కడ ఏడాది పొడుగునా పొద్దు దాదాపు ఆరింటికే పొడుస్తుంది. పొద్దున ఏడు గంటలను ఒకటో గంట అంటారు, “సా మోజా” అదే. ఎనిమిది “సా మ్బిలి”, రెండో గంట. మధ్యాహ్నం పన్నెండు “సా సిటా”, ఆరో గంట. ఆరు కలపడమో తీసేయడమో చేస్తే సరిపోతుంది. ఇంకా సులువు కావాలంటే గడియారంలో చిన్న ముల్లు ఉన్న అంకెకు సరిగ్గా ఎదుటి అంకె చదవండి. ఏడుకు ఎదురుగా ఒకటే ఉంటుంది.

చిక్కంతా రెండు లెక్కలూ ఒకేసారి నడవడంలో ఉంది. ఇంగ్లీషులో మాట్లాడుతూ “టెన్” అన్న టీచరు మన పది గంటలే అనవచ్చు, మనసులో స్వాహిలీ గంట పెట్టుకుని సాయంత్రం నాలుగని అనవచ్చు. బస్సు టికెట్ల మీదా ఇదే గొడవ. “అసుబుహి” అంటే పొద్దున, “ఉసికు” అంటే రాత్రి. టికెట్ మీద 12 అని ఉంటే ఆ రెండింటిలో ఏదో, ఏ లెక్కో అడిగి టికెట్ వెనక మీ చేత్తో రాసుకోండి. దూరపు బస్సులు తెల్లవారకముందే, లేదా ఆరింటికే బయల్దేరతాయి. తప్పిపోతే చాలా దారుల్లో మర్నాడే గతి.

ఇంటికి ఫోన్ చేయడానికి కూడా ఒక లెక్క. ఇండియా అక్కడికంటే రెండున్నర గంటలు ముందుంటుంది. బడి నుంచి వచ్చి సాయంత్రం ఐదుకు చేస్తే ఇక్కడ ఏడున్నర.

ప్రశ్న: మా కోడలు శాకాహారి. అరుషా దగ్గర పల్లెలో ఉండాలట. ఏం వండుకుంటుంది, ఏం పట్టుకెళ్ళాలి?
— ఒక గృహిణి, గుంటూరు

జవాబు: ఆకలితో ఉండాల్సిన పని లేదమ్మా. సంతలో అమ్మే మ్చిచా మన తోటకూరే. బామియా బెండకాయ, బిలింగన్యా వంకాయ, ఉక్వాజు చింతపండు, టంగవిజి అల్లం, సుకారి గురు బెల్లం. మటెంబెలే అంటే చిలగడదుంప ఆకు, పప్పులో వేస్తే బాగుంటుంది. ధర అడిగితే “ఎల్ఫు” అంటే వెయ్యి, “లకి” అంటే మన లక్షే.

కంది ఆ దేశంలో బాగా పండుతుంది, మన దేశానికి ఎగుమతి కూడా చేస్తారు. అయితే పల్లె సంతలో దొరికేది మ్బాజి, అంటే పొట్టుతో ఉన్న కందులు. పొట్టు తీసిన కందిపప్పు, ఆవాలు, ఇంగువ అరుషా, దారెస్సలాం లాంటి ఊళ్ళలో భారతీయుల దుకాణాల్లో దొరుకుతాయి. నెలకోసారి తెచ్చుకుంటే చాలు. మధ్యలో అయిపోతే కందులనే రాత్రంతా నానబెట్టి, పొద్దున ఆ నీళ్ళు పారబోసి కుక్కర్లో పెట్టుకోవాలి. అరుషా దాదాపు 1,400 మీటర్ల ఎత్తులో ఉంది, అక్కడ నీళ్ళు 95 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. మూత లేని గిన్నెలో పప్పు ఎంతసేపటికీ మెత్తబడదు. కుక్కర్లో కూడా గుంటూరులో పెట్టేదానికంటే రెండు మూడు విజిల్స్ ఎక్కువ పడతాయి. అందుకే మొదట పెట్టెలో పెట్టాల్సింది మూడు లీటర్ల కుక్కరు, రెండు అదనపు రబ్బరు గాస్కెట్లు, ఒక సేఫ్టీ వాల్వు. గాస్కెట్ పోతే ఆ కంపెనీది అక్కడ దొరక్కపోవచ్చు.

పెసలను చోరోకో అంటారు, చాలా సంతల్లో ఉంటాయి. ఆరు గంటలు నానబెట్టి అల్లం, మిర్చి వేసి రుబ్బితే పెసరట్టు. కరెంటు లేనప్పుడు మిక్సీ పనిచేయదు కాబట్టి, పక్కింట్లో ఉండే చెక్క రోలు, “కిను” అంటారు, దాన్ని అడగవచ్చు. పిండి బరకగా వస్తుంది, కాస్త మందంగా పోస్తే అట్టు విరగదు.

పెరుగుకు తోడు కోసం దుకాణంలో తియ్యటి పళ్ళ రుచి పాకెట్లు కొనకండి. “మజివా మ్గండో” అని అడిగితే పుల్లటి చిక్కటి మామూలు పెరుగు ఇస్తారు. కాచి గోరువెచ్చగా చల్లార్చిన అర లీటరు పాలకు ఒక చెంచా. జూన్, జులైల్లో అరుషా చలికి రాత్రంతా ఉంచినా తోడుకోదు, గిన్నెను టవల్లో చుట్టి మూసిన పెట్టెలో పెట్టాలి.

బడిలో మధ్యాహ్నం భోజనం సాధారణంగా ఉగాలి, మహరాగే. మొక్కజొన్న పిండి ముద్ద, రాజ్మా కూర. కుడిచేత్తో తినడం మనలాగే, ముందు చేతుల మీద నీళ్ళు పోస్తారు. “మాంసం తినను” అని మాత్రమే చెబితే చాలదు. చాలామందికి న్యామా అంటే పశుమాంసమే, కోడీ చేపా వేరు. “సిలి న్యామా, కుకు, వలా సమాకి” అని మూడూ చెప్పాలి. ఆకుకూరలో దగా అనే చిన్న ఎండుచేపలు కలుపుతారు. తినేముందు అడగడంలో తప్పు లేదు, ఎవరూ నొచ్చుకోరు.

పొయ్యి విషయంలో ఒక్క హెచ్చరిక. ఊళ్ళో ఎక్కువమంది బొగ్గు కుంపటి, “జికో” వాడతారు. బయట వండుకోవడానికి బాగుంటుంది. చలిగా ఉందని నిప్పులున్న కుంపటి గదిలో పెట్టుకుని తలుపులు మూసి పడుకుంటే కార్బన్ మోనాక్సైడ్‌తో ప్రాణం పోతుంది. పొగ కనబడదు, వాసన రాదు, నిద్రలోనే అయిపోతుంది. ఆరు కిలోల గ్యాస్ సిలిండరు, దాని తలమీదే బిగించే బర్నరు కొనుక్కోమనండి. ఒక మనిషికి దాదాపు నెల వస్తుంది.

ప్రశ్న: అరుషా వైపు నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువని విన్నాను. మా జిల్లా వాళ్ళకు ఆ మాట వింటే భయం. కాచి తాగితే పోతుందా?
— ఒక పాఠకుడు, నల్గొండ

జవాబు: పోదు. కాచితే సూక్ష్మజీవులు చస్తాయి, ఫ్లోరైడ్ నీళ్ళలోనే ఉండిపోతుంది. ఎక్కువసేపు మరిగిస్తే నీళ్ళు తగ్గి ఫ్లోరైడ్ ఇంకా చిక్కబడుతుంది. క్యాండిల్ ఫిల్టరు, క్లోరిన్ మాత్ర కూడా దాన్ని తీయలేవు. మేరు, కిలిమంజారో పర్వతాల చుట్టుపక్కల, రిఫ్ట్ లోయ పొడుగునా అగ్నిపర్వత శిలల్లోంచి ఊరే నీళ్ళలో చాలా చోట్ల ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన లీటరుకు 1.5 మిల్లీగ్రాముల హద్దు దాటుతుంది. అక్కడి పిల్లల గోధుమరంగు పళ్ళు చూస్తే మీ జిల్లా వాళ్ళకు వేరే చెప్పనక్కర్లేదు.

పటిక, సున్నంతో ఫ్లోరైడ్ తీసే నల్గొండ పద్ధతిని టాంజానియాలోనూ ప్రయత్నించారు. నాగపూర్‌లోని నీరి సంస్థ రూపొందించిన ఆ పద్ధతి మీ జిల్లా పేరుతోనే అక్కడ తెలుసు. ఇంట్లో రోజూ చేయడం మాత్రం కష్టం. ప్రతి బావి నీళ్ళకూ మోతాదు వేరు, మోతాదు తప్పితే అల్యూమినియం మిగిలిపోతుంది, అడుగున చేరే మడ్డి పారబోయడానికి చోటు కావాలి, ఫ్లోరైడ్ మరీ ఎక్కువున్న నీళ్ళలో సరిగా దిగదు కూడా. అరుషా దగ్గర న్గుర్డోటో పరిశోధన కేంద్రం కాల్చిన ఎముకల బొగ్గు ఫిల్టర్ల మీద పనిచేసింది. శాకాహారులు ఇది ముందే తెలుసుకోవడం మంచిది.

మా సలహా వాననీళ్ళు. చాలా బళ్ళకూ ఇళ్ళకూ రేకుల కప్పు ఉంటుంది. వాన మొదలైన పది, పదిహేను నిమిషాల నీళ్ళు వదిలేయండి, దుమ్మూ పిట్టల రెట్టలూ కొట్టుకుపోతాయి. ఆ తర్వాతవి ట్యాంకులోకి పట్టి, మూతకు దోమలు దూరకుండా వల కట్టండి. తాగడానికి, వంటకు కలిపి మనిషికి రోజుకు ఐదు లీటర్లు చాలు. స్నానానికి, బట్టలకు బోరు నీళ్ళు వాడుకోవచ్చు. వాననీళ్ళనూ తాగేముందు కాచాలి, తెర్లిన తర్వాత ఒక నిమిషం. 2,000 మీటర్లు దాటిన ఊళ్ళో మూడు నిమిషాలు. మార్చి నుంచి మే దాకా పెద్ద వానలు, అక్టోబరు చివర నుంచి డిసెంబరు దాకా చిన్న వానలు. జూన్ నుంచి దాదాపు ఐదు నెలలు గడవాలి కాబట్టి మే నెలాఖరుకు ట్యాంకు నిండుగా ఉండాలి. ఇల్లు ఒప్పుకునేముందే ట్యాంకు ఉందో లేదో అడగండి.

ప్రశ్న: కరెంటు, ప్లగ్గుల సంగతి?
— ఒక ఇంజనీరింగ్ విద్యార్థిని, కాకినాడ

జవాబు: 230 వోల్టులే. ప్లగ్గు మాత్రం బ్రిటిష్ చదరపు మూడు పిన్నులది, రెండు అడాప్టర్లు పట్టుకెళ్ళండి. మీటరు ప్రీపెయిడ్, “లూకు” అంటారు. ఫోన్లో మొబైల్ మనీతో డబ్బు కడితే 20 అంకెల నంబరు వస్తుంది, దాన్ని మీటరు మీద కొట్టాలి. మీటరు నంబరు ఫోన్లో దాచుకోండి, అంకెలు తప్పు కొడితే డబ్బు వేరే మీటరుకు పోవచ్చు. శుక్రవారం సాయంత్రమే యూనిట్లు చూసుకుని వేసుకుంటే మంచిది.

ప్రశ్న: అక్కడి బళ్ళలో పిల్లల్ని బెత్తంతో కొడతారట. నేను కొట్టలేను. క్లాసు అదుపులో ఉంటుందా? మిగతా టీచర్లు ఏమనుకుంటారు?
— ఒక టీచరు, ఖమ్మం

జవాబు: మీ మనసు సరైనదే, దాన్ని మార్చుకోవద్దు. మన దేశంలో 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ బెత్తాన్ని నిషేధించింది. టాంజానియా నిబంధనలు ఇంకా అనుమతిస్తున్నాయి. పెద్ద తప్పులకు మాత్రమే, హెడ్‌మాస్టర్ లేదా ఆయన అధికారం ఇచ్చిన టీచరు, నాలుగు దెబ్బలకు మించకుండా, రిజిస్టరులో రాసి. ఆచరణలో ఈ హద్దులు చాలాచోట్ల ఉండవు. ఆలస్యంగా వచ్చినా, మార్కులు తగ్గినా బెత్తమే.

మొదటి వారంలోనే హెడ్‌మాస్టర్ గదిలో, ఒంటరిగా, నెమ్మదిగా చెప్పండి: “నేను కొట్టను, నా తరఫున ఎవరినీ కొట్టమని అడగను.” ఈ రెండో మాటే ముఖ్యం. వాలంటీర్లు చేసే తప్పు ఇక్కడే. తాము కొట్టరు కానీ, అల్లరి చేసినవాళ్ళ పేర్లు రాసి డ్యూటీ టీచరుకు ఇస్తారు. ఆ కాగితం చేరిన చోట జరిగేది బెత్తమే. క్లాసు మానిటరు మాట్లాడినవాళ్ళ పేర్ల జాబితా తెచ్చి ఇచ్చినా, “ఇది నాకు వద్దు” అని అతని ముందే చింపేయండి.

బదులుగా ఏం చేయాలి? డెబ్బై మందిలో గొడవ ఎక్కువగా మొదలయ్యేది బోర్డు మీద నోట్సు రాయడానికి మీరు వీపు తిప్పిన పదిహేను నిమిషాల్లో. నోట్సు బడి మొదలవకముందే సగం బోర్డు మీద రాసి ఉంచండి, లేదా చేతిరాత బాగున్న విద్యార్థికి చాక్‌పీసు ఇచ్చి మీరు బెంచీల మధ్య తిరగండి. అల్లరి సగానికి సగం అక్కడే ఆగుతుంది. ఆలస్యంగా వచ్చేవాళ్ళను విడిగా అడగండి. గంటన్నర నడిచి, నీళ్ళు మోసి వచ్చిన పిల్ల సంగతి అప్పుడే బయటపడుతుంది.

స్టాఫ్‌రూములో ఉపన్యాసం ఇవ్వకండి, పిల్లల ముందు మరో టీచరుతో వాదించకండి. పిల్లవాడికి గాయమైతే మాత్రం మౌనంగా ఉండకూడదు. ఆ రోజే హెడ్‌మాస్టర్‌కు, మిమ్మల్ని పంపిన సంస్థలో పిల్లల రక్షణ చూసే వ్యక్తికి రాతపూర్వకంగా తెలపాలి.

ప్రశ్న: మా అమ్మాయి ఏడాదికి మ్వాంజా వెళ్తోంది. మలేరియా మాత్రలు ఏడాదంతా వేసుకోవాలా?
— ఒక తండ్రి, రాజమహేంద్రవరం

జవాబు: ఏ మాత్ర, ఎంతకాలం అన్నది డాక్టరే నిర్ణయించాలి. ప్రయాణానికి నెల ముందే వెళ్ళండి, ఎందుకంటే వారానికొకసారి వేసే మెఫ్లోక్విన్ రెండు మూడు వారాల ముందే మొదలుపెట్టాలి, మానసిక సమస్యలున్నవాళ్ళకు అది ఇవ్వరు. డాక్సీసైక్లిన్ రోజూ ఒకటి, తిరిగొచ్చాక కూడా నాలుగు వారాలు. అన్నం తిన్నాక గ్లాసు నిండా నీళ్ళతో వేసుకోవాలి, వేసుకున్న వెంటనే పడుకుంటే అన్నవాహికలో పుండు పడుతుంది, ఎండకు చర్మం త్వరగా కమిలిపోతుంది. అటోవాక్వోన్ ప్రొగ్వానిల్‌కు తిరిగొచ్చాక ఏడు రోజులు చాలు కానీ ఖరీదు ఎక్కువ.

మాత్రలకంటే ఎక్కువగా తప్పేది అలవాటు. మూడో నెలకల్లా “ఇంతవరకు ఏం కాలేదుగా” అని మాత్రా మానేస్తారు, దోమతెరా కట్టరు. మందు పట్టించిన తెర అంచులు పరుపు కిందకు దోపాలి, చిరుగు కనబడితే ఆ రోజే కుట్టాలి. జ్వరం వస్తే 24 గంటల్లోపు పరీక్ష చేయించుకోవాలి, దాదాపు ప్రతి ఆరోగ్య కేంద్రంలో రాపిడ్ టెస్టు ఉంటుంది. అక్కడ ఎక్కువగా ఉండేది ఫాల్సిపారం రకం మలేరియా, రెండు రోజుల ఆలస్యం కూడా ప్రమాదమే. ఇంటికొచ్చాక ఏడాదిలోపు ఎప్పుడు జ్వరం వచ్చినా డాక్టరుతో మొదటి మాటగా టాంజానియా నుంచి వచ్చానని చెప్పాలి.

ఇంకో మాట. బట్టలు నీడలో, తడి నేల మీద ఆరేస్తే మ్యాంగో ఫ్లై అనే ఈగ గుడ్లు పెడుతుంది. ఆ బట్ట వేసుకుంటే పిల్లపురుగు చర్మంలోకి దూరి సెగగడ్డలా లేస్తుంది. లోదుస్తులతో సహా అన్నీ ఇస్త్రీ చేయాలి, ముఖ్యంగా కుట్లూ నడుం పట్టీలూ. గడ్డ వస్తే పిండకుండా దాని మీద వాసెలిన్ మందంగా రాస్తే గాలాడక పురుగు పైకి వస్తుంది, అప్పుడు తీయించుకోవాలి.

ప్రశ్న: ల్యాబు లేదు, లిట్మస్ లేదు. ఫారం 2కి ఆమ్లాలు, క్షారాలు ఎలా చెప్పను?
— సైన్సు టీచరుగా వెళ్తున్న పాఠకురాలు, అనంతపురం

జవాబు: సంతలో ఎండబెట్టిన రోజెల్లా అడగండి, అక్కడ దాంతో ఎర్రటి షర్బతు చేస్తారు. అది మన గోంగూర జాతే, హైబిస్కస్ సబ్డారిఫా. పువ్వు కింది ఎర్రటి రక్షక పత్రాలు అవి. ఒక గుప్పెడు పావు లీటరు వేడినీళ్ళలో పదిహేను నిమిషాలు నానబెట్టి వడగట్టండి. నాలుగు గాజు గ్లాసులు తీసుకుని ఒకదానిలో మామూలు నీళ్ళు, రెండోదానిలో నిమ్మరసం, మూడోదానిలో వంట సోడా కలిపిన నీళ్ళు, నాలుగోదానిలో కట్టెల బూడిద కలిపి తేర్చిన నీళ్ళు పోయండి. ప్రతిదానిలో కాస్త రోజెల్లా నీళ్ళు వేయండి. నిమ్మరసం ఎర్రగా మెరుస్తుంది, సోడా నీలిపచ్చగా, బూడిద నీళ్ళు ఆకుపచ్చగా మారతాయి.

ఇది చెడిపోయేది మూడు చోట్ల. కషాయం మరీ చిక్కగా ఉంటే రంగు మార్పు వెనక బెంచీకి కనబడదు, లేత గులాబీ రంగు వచ్చేదాకా పలచన చేయాలి. నిన్నటి కషాయం పులిసిపోతుంది, ఆ పొద్దునే చేసుకోవాలి. మూడోది ఎవరికీ తట్టదు. అరుషా వైపు కొన్ని బోరు నీళ్ళే క్షారగుణంతో ఉంటాయి, మామూలు నీళ్ళ గ్లాసు కూడా రంగు మారి పిల్లలు తికమకపడతారు. వాననీళ్ళు వాడండి. తర్వాత బోరు నీళ్ళనే ఐదో గ్లాసుగా పెట్టి ఇదెందుకిలా మారిందని అడగండి, ఆ పీరియడంతా మాటలే.

ప్రశ్న: సెలవులు ఎప్పుడుంటాయి? తక్కువ ఖర్చులో ఏమేం చూడొచ్చు?
— ఇద్దరు స్నేహితులు, విశాఖపట్నం

జవాబు: బడి ఏడాది జనవరిలో మొదలవుతుంది. జూన్ మొదటి వారం నుంచి దాదాపు నెల, డిసెంబరు మొదటి నుంచి జనవరి దాకా ఇంకో నెల పెద్ద సెలవులు. మధ్యలో ఏప్రిల్లో, సెప్టెంబరులో ఒక్కో వారం. జాతీయ సెలవుల్లో ఏప్రిల్ 26 టాంగన్యీకా, జాంజిబార్‌లు 1964లో కలిసిన రోజు. ఆగస్టు 8 నానే నానే రైతుల పండగ, డొడోమా, మ్బేయా లాంటి ఊళ్ళలో వ్యవసాయ ప్రదర్శనలు పెడతారు, పిల్లల్ని వెంటబెట్టుకుని వెళ్ళదగ్గవి. అక్టోబరు 14 జూలియస్ న్యెరెరె వర్ధంతి. దేశమంతా ఆయన్ను మ్వాలిము, అంటే టీచరు అనే పిలుస్తుంది. డిసెంబరు 9 స్వాతంత్ర్య దినం. ఈద్ నెలపొడుపును బట్టి ముందురోజు రాత్రే తేలుతుంది, ఆ వారం ప్రయాణం పెట్టుకోకండి.

జంతువులను చూడటానికి జూన్ మేలు. వానలు ఆగి గడ్డి ఎండుతుంది, జంతువులు నీళ్ళ దగ్గర చేరతాయి. సెరెంగెటీ, న్గొరొంగొరో ఖరీదైనవి. ఖర్చులో పెద్ద భాగం బండీ, ప్రవేశ రుసుమే కాబట్టి ఐదారుగురు కలిసి ఒకే బండి మాట్లాడుకోండి. రెసిడెన్స్ పర్మిట్ ఉన్నవాళ్ళకు జాతీయ పార్కుల్లో రుసుము తగ్గుతుంది, అసలు పర్మిట్ గేటు దగ్గర చూపాలి, ఫోన్లో ఫోటో ఒప్పుకోకపోవచ్చు. అంత పెట్టలేనివాళ్ళకు మొరొగొరో నుంచి ఇరింగా వెళ్ళే హైవే మికుమి పార్కు మధ్యలోంచే పోతుంది. పగటి బస్సులో కిటికీ పక్క సీటు దొరికితే జిరాఫీలు, జీబ్రాలు, అదృష్టముంటే ఏనుగులు. నడక ఇష్టమైనవాళ్ళకు ఉసంబరా కొండల్లో లుషోటో మంచి చోటు, చల్లగా ఉంటుంది.

రైలు కావాలంటే రెండు. దారెస్సలాం నుంచి డొడోమా దాకా 2024లో మొదలైన ఎలక్ట్రిక్ రైలు వేగంగా పోతుంది, టికెట్ ముందే తీసుకోవాలి. రెండోది టజారా, దారెస్సలాం నుంచి జాంబియాలోని కపిరి మ్పోషి దాకా 1,860 కిలోమీటర్లు. అది గంటల తరబడి ఆలస్యం అవుతుంది, రోజులు మారుతుంటాయి. స్టేషన్‌లో కనుక్కుని, తిండి నీళ్ళు కట్టుకుని ఎక్కాలి. మర్నాడే బడి ఉన్నవాళ్ళు తిరుగు ప్రయాణానికి దాన్ని నమ్ముకోవద్దు.

జాంజిబార్‌కు దారెస్సలాం నుంచి ఫెర్రీలో దాదాపు రెండు గంటలు. ఒకే దేశమైనా పాస్‌పోర్ట్ చూస్తారు. 2024 అక్టోబరు నుంచి విదేశీ సందర్శకులు అక్కడి ప్రభుత్వ బీమా తీసుకోవాలి, 44 డాలర్లు. మీ పర్మిట్‌కు అది వర్తిస్తుందో ముందే అడగండి. స్టోన్ టౌన్ వీధుల్లో భుజాలు, మోకాళ్ళు కప్పే బట్టలు వేసుకోవాలి. రంజాన్ నెలలో పగలు రోడ్డు మీద తినకూడదు, తాగకూడదు.

డిసెంబరు ప్రయాణాలకు ఒక చిక్కుంది. క్రిస్మస్‌కు కిలిమంజారో ప్రాంతపు చగ్గా కుటుంబాలు ఎక్కడెక్కడి నుంచో సొంతూళ్ళకు చేరతాయి. సంక్రాంతికి మన బస్టాండ్లు ఎలా ఉంటాయో, డిసెంబరు 20 నుంచి దారెస్సలాం నుంచి మోషి, అరుషా దారి అలా ఉంటుంది. టికెట్ రెండు వారాల ముందు, బస్టాండులో వెంటపడే దళారుల దగ్గర కాకుండా కంపెనీ కౌంటర్లోనే కొనాలి. ఊళ్ళో తిరగడానికి ఆటోలున్నాయి, వాటిని బజాజీ అనే పిలుస్తారు. బోడాబోడా మోటారుసైకిలు ఎక్కితే హెల్మెట్ ఇవ్వమనండి, లేదంటే ఇంకో బండి చూసుకోండి.

సరస్సుల్లో ఈత వద్దు. విక్టోరియా, న్యాసా ఒడ్డున నత్తల ద్వారా బిల్హార్జియా అనే జబ్బు వస్తుంది, మడమ తడిస్తే చాలు. దిగి ఉంటే ఆరు వారాలు ఆగి పరీక్ష చేయించుకోండి, ప్రాజిక్వాంటెల్‌తో తగ్గుతుంది. సముద్రంలో ఈ బెడద లేదు.

ప్రశ్న: ఉగాది, దీపావళి అక్కడ ఎలా?
— ఒక కొత్త దంపతులు, తిరుపతి

జవాబు: రెండూ సెలవులు కావు. ఉగాది టర్ము మధ్యలో, దీపావళి పరీక్షల ముందు పడతాయి. ఉగాది పచ్చడికి చింతపండు, బెల్లం, మిర్చి, ఉప్పు సంతలోనే దొరుకుతాయి. అక్కడ మామిడి ముఖ్య కాలం నవంబరు నుంచి ఫిబ్రవరి, అందుకని ఉగాదికి పచ్చి మామిడి కష్టం. ఫిబ్రవరిలోనే కాయ తరిగి ఉప్పులో ఊరబెట్టి దాచుకోండి. వేపను ముఅరొబైని అంటారు, తీరప్రాంతంలో చాలా చెట్లున్నాయి. పువ్వు లేకపోతే లేత చిగురు వేసుకోవచ్చు. గుడికి వెళ్ళాలంటే దారెస్సలాంలో కిసుటు వీధిలో దగ్గర దగ్గరగా హిందూ ఆలయాలున్నాయి.

పండగ రోజు సెలవు కావాలంటే ముందురోజు అడిగితే ఇవ్వలేరు. వారాల వంతున పడే డ్యూటీ చార్టును టర్ము మొదట్లోనే వేస్తారు. అది గోడకెక్కకముందే తేదీ రాసిన కాగితం హెడ్‌మాస్టర్‌కు ఇచ్చి, ఆ వారం డ్యూటీ మరొకరితో మార్చుకోండి.